కంటి గూడు విరిగితే స్కాన్‌లో ఏం కొలవాలి?

పిడికిలో బంతో కంటికి బలంగా తగిలినప్పుడు, కనుగుడ్డు పగలకుండా దాని చుట్టూ ఉన్న ఎముక విరగడం తరచూ జరుగుతుంది. ఏడు ఎముకలు కలిసి కంటి గూడు ఏర్పడుతుంది. దాని ముందు అంచు గట్టిదే కానీ లోపలి గోడలు చాలా పలుచన. గూటి అడుగు చాలామందిలో అర మిల్లీమీటరుకు అటూ ఇటూగా ఉంటుంది. ముక్కు వైపు గోడ 0.2 నుంచి 0.4 మిల్లీమీటర్లే, అంటే దాదాపు కాగితమంత. ఈ రెండు గోడలకూ అవతల ఉన్నవి గాలి నిండిన సైనస్ గదులు. అందుకే దెబ్బ తగిలితే ఎముక అటువైపు విరిగి పడుతుంది. 1957లో స్మిత్, రీగన్ అనే వైద్యులు ఇది ఎలా జరుగుతుందో ప్రయోగం చేసి వివరించారు. దీన్ని బ్లో-అవుట్ ఫ్రాక్చర్ అంటారు.

పెద్దవాళ్లలో గూటి ఘనపరిమాణం సుమారు 30 మిల్లీలీటర్లు. అందులో కనుగుడ్డు ఆక్రమించేది 7 మిల్లీలీటర్లే. మిగిలిన చోటంతా కొవ్వు, కండరాలు, నరాలు, రక్తనాళాలు. గోడ విరిగితే గూడు పెద్దదవుతుంది, లోపలున్నది మాత్రం పెరగదు. దాంతో కన్ను వెనక్కి కుంగుతుంది. గూడు ఒక మిల్లీలీటరు పెరిగితే కన్ను దాదాపు ఒక మిల్లీమీటరు లోపలికి పోతుందని స్థూలంగా లెక్క వేస్తారు. రెండు మిల్లీమీటర్లు దాటితే ఎదుటివాళ్లకు తేడా తెలిసిపోతుంది.

చిక్కేమిటంటే, దెబ్బ తగిలిన మొదటి రోజుల్లో వాపు కన్నును ముందుకే నెడుతుంది. బయటి నుంచి చూస్తే అంతా బాగానే ఉన్నట్టుంటుంది. వాపు తగ్గాక కన్ను ఎంత కుంగుతుందో ముందే అంచనా వేయాలంటే సీటీ స్కాన్ కావాల్సిందే. 1971లో లండన్‌లో హౌన్స్‌ఫీల్డ్ అనే ఇంజనీరు తయారుచేసిన సీటీ యంత్రంతో మొదటి రోగికి తల స్కాన్ తీశారు. ఏ పదార్థం ఎక్స్-రేలను ఎంత అడ్డుకుంటుందో చెప్పే కొలమానం ఆయన పేరుమీదే ఉంది. అందులో గాలి −1000, నీరు 0, కొవ్వు సుమారు −100, ఎముక కొన్ని వందల నుంచి వెయ్యి పైదాకా. ఎముకకూ కొవ్వుకూ గాలికీ ఇంత తేడా ఉండటం వల్లే విరిగిన చోటు స్పష్టంగా కనిపిస్తుంది.

పగులు వైశాల్యం కొలవడం తేలికే. ముఖానికి సమాంతరంగా ఒక్కో మిల్లీమీటరు దూరంలో ఉన్న చిత్రాలు తీసుకుని, ఒక్కోదానిలో ఎముక ఎంత వెడల్పున లేదో చూస్తారు. 15 చిత్రాల్లో సగటున 12 మిల్లీమీటర్ల ఖాళీ ఉంటే 180 చదరపు మిల్లీమీటర్లు, అంటే 1.8 చదరపు సెంటీమీటర్లు. గూటి అడుగు వెనక్కి వెళ్లేకొద్దీ పైకి వాలుతుంది కాబట్టి అసలు వైశాల్యం ఇంకాస్త ఎక్కువే. అడుగులో సగానికి మించి పోయినా, వైశాల్యం 2 చదరపు సెంటీమీటర్లు దాటినా ఆపరేషన్ గురించి ఆలోచిస్తారు.

నా దృష్టిలో వైశాల్యం కంటే ఘనపరిమాణమే ఎక్కువ చెబుతుంది. పెద్ద పగులున్నా ఎముక పెద్దగా జారకపోతే కన్ను కుంగకపోవచ్చు. అయితే ఘనపరిమాణం కొలవడం అంత సులువు కాదు. గూటికి ముందువైపు గోడే లేదు. ఎక్కడ గీత గీసి ఇక్కడితో గూడు అయిపోయిందని అనుకోవాలో కొలిచేవాళ్లే నిర్ణయించాలి. గీత కొద్దిగా జరిగినా అంకె మారుతుంది. పైగా స్కాన్‌లో ఒక్కో చుక్క తాను కప్పిన చోటంతటి సగటును చూపిస్తుంది. పలుచని ఎముక పక్కనున్న గాలితో కలిసిపోయి, ఉన్నచోట కూడా లేనట్టు కనిపిస్తుంది. కంప్యూటర్‌ను దానంతట దాన్ని కొలవమంటే బాగున్న గోడలో కూడా కన్నాలు చూపిస్తుంది. అందుకే పలుచని పొరలుగా చిత్రాలు తీయాలి, మనిషి సరిచూడాలి. రెండు కళ్లకూ ఒకే నియమంతో గీతలు గీస్తే పొరపాట్లు చాలావరకు రద్దవుతాయి. మనిషి రెండు గూళ్లూ దాదాపు సమానం కనుక, బాగున్న వైపును అద్దంలోలా తిప్పి విరిగిన వైపు మీద పెడితే ఎముక ఎంత జారిందో కనిపిస్తుంది. ఆ ఆకారాన్నే 3డీ ప్రింటర్‌లో అచ్చు తీసి, విరిగిన చోట అమర్చే టైటానియం జాలీని దానికి తగ్గట్టు ముందుగానే వంచి పెట్టుకుంటారు.

పిల్లల విషయంలో మాత్రం ఈ లెక్కలు నమ్ముకోకూడదు. వాళ్ల ఎముకకు సాగే గుణం ఎక్కువ. దెబ్బకు తెరుచుకున్న ఎముక వెంటనే వెనక్కి మూసుకుని, మధ్యలో కండరాన్ని బిగించేస్తుంది. దీన్ని ట్రాప్‌డోర్ ఫ్రాక్చర్ అంటారు. స్కాన్‌లో పగులు సన్నని గీతలా ఉంటుంది, వైశాల్యం దాదాపు సున్నా, ఘనపరిమాణంలో తేడా ఉండదు. కన్ను పెద్దగా ఎర్రబడదు కూడా. కానీ పిల్లవాడు పైకి చూడలేడు, వాంతులవుతాయి, నాడి నెమ్మదిస్తుంది. తలకు దెబ్బ తగిలిందని పొరబడేందుకు అవకాశం ఎక్కువ. బిగుసుకున్న కండరానికి రక్తం అందక శాశ్వతంగా దెబ్బతినవచ్చు కాబట్టి ఒకటి రెండు రోజుల్లోపే ఆపరేషన్ చేయాలి. ఇలాంటి పిల్లల స్కాన్‌లో ముందు వెతకాల్సింది పగులు కాదు, కనుగుడ్డు కింద ఉండాల్సిన కండరం దాని చోట ఉందా, లేక గూటి అడుగు దాటి సైనస్‌లోకి దిగిందా అన్నది.