గిట్ట మీది గీత

మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లాలో ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్ వైపు ఊళ్లలో శ్రావణ అమావాస్య వచ్చిందంటే పోళా పండుగ. ఇంట్లో తెలుగు, బజార్లో మరాఠీ మాట్లాడే రైతులు ముందురోజే కాడి మోసే మెడలను కడిగి పసుపూ నెయ్యీ పట్టిస్తారు. తెల్లారి ఎడ్లకు స్నానం చేయించి, కొమ్ములు చివ్వి రంగులేసి ఊరేగిస్తారు. ఏడాది పొడవునా బురదలోనో పేడలోనో కూరుకుపోయి ఉండే గిట్ట శుభ్రంగా కనబడేది దాదాపు ఆ ఒక్కరోజే. అందరి చూపూ కొమ్ముల మీదుంటుంది గానీ, చూడాల్సింది గిట్టను.

గిట్ట ముందుభాగంలో, పైన వెంట్రుకలు ఆగిపోయే చోటికి కాస్త కిందగా, అడ్డంగా ఒక గాడి కనిపిస్తుంది. అన్ని పశువులకూ ఉండదు. ఉంటే మాత్రం అదెప్పుడు పడిందో లెక్క కట్టొచ్చు.

గిట్ట అంటే గట్టిపడిన చర్మమే. మన గోరు, ఎద్దు కొమ్ము మీది తొడుగు, వెంట్రుక, పిల్లి పంజాలోని గోరు, అన్నీ చర్మం పైపొర నుంచి పుట్టినవే, అన్నిటిలోనూ ఉండేది కెరాటిన్ అనే ప్రోటీనే. అడుగున ఉండే కణాలు విడిపోతూ కొత్తవాటిని పుట్టిస్తాయి. అవి పాతవాటిని ముందుకు నెడతాయి. పాతవి కెరాటిన్ నిండి చచ్చిపోయి గట్టిపడతాయి. ఈ ప్రోటీన్‌లో గంధకం ఎక్కువ. అందుకే దూడకు కొమ్ము మొలక మాడ్చేటప్పుడు వచ్చే కమురు వాసన, తల వెంట్రుక కాలిన వాసన ఒక్కలాగే ఉంటాయి.

ఆవుకు ప్రతి కాలికీ నేల మీద ఆనేవి రెండు వేళ్లు. మన చేతి లెక్కలో అవి నడిమివేలు, ఉంగరపువేలు. వెనక పైన వేలాడే రెండు చిన్న గిట్టలు చూపుడువేలు, చిటికెనవేలు. బొటనవేలు లేనే లేదు. గుర్రానికైతే మిగిలింది నడిమివేలు ఒక్కటే. అంటే ఎద్దు నాలుగైదు క్వింటాళ్ల బరువును ఎనిమిది వేలిగోళ్ల మీద మోస్తూ నడుస్తుందన్నమాట. బండి ఎద్దుకు నాడాలు కొట్టేవాళ్లు ఒక్కో వేలికి విడిగా బిళ్ల వేసేది ఇందుకే. వాళ్ల పనితనమంతా మేకు దించే చోటులోనే ఉంటుంది. గిట్ట అడుగున గోడకూ అరికాలికీ మధ్య లేత రంగు గీత ఒకటుంటుంది. మేకు దానికి బయటే ఉండాలి. లోపలికి జరిగితే రక్తనాళాలున్న బతికున్న భాగంలో దిగుతుంది. అక్కడ గోడ మందం అర సెంటీమీటరుకు అటూ ఇటూ మాత్రమే.

ఇక గాడి లెక్క. పశువుల గిట్ట నెలకు సుమారు 5 మిల్లీమీటర్లు పెరుగుతుంది, పై అంచు నుంచి కిందికి. పోళా నాడు గాడి పై అంచుకు 2 సెంటీమీటర్ల కింద ఉందనుకోండి, నాలుగు నెలల కిందటిది. అంటే చైత్రం చివర, వైశాఖం మొదట్లో ఆ పశువుకు ఏదో జరిగింది. గిట్ట పుట్టే చోట కొన్నాళ్లు పని సరిగ్గా సాగలేదు, ఆ లోటు గాడిగా మిగిలింది. ఒక్క కాలికే ఉంటే ఆ కాలికి దెబ్బ తగిలుంటుంది. ఎనిమిది వేళ్లకూ ఒకే ఎత్తులో ఉంటే మాత్రం జబ్బు ఒంటి మొత్తానికీ చేసింది. గట్టి జ్వరమో, మేత కరువో, కట్టు తెంపుకుని జొన్న కుప్ప మీద పడి కడుపు పట్టనంత తిన్న రాత్రో. గింజ ఎక్కువైతే పెద్దపొట్టలో పులుపు పెరుగుతుంది, దాని విషాలు రక్తంలో చేరి గిట్ట లోపలి సన్నని నాళాలను పాడుచేస్తాయి. కడుపుకు, కాలికి సంబంధమేమిటని చాలామంది అడుగుతారు. సంబంధం ఇదే.

గాలికుంటు సంగతి మరీ స్పష్టం. అటువైపు మరాఠీలో లాళ్యా ఖుర్కుత్ అంటారు. ఒకే జబ్బు నోటికీ గిట్టకూ ఎందుకొస్తుంది? ఆ వైరస్‌కు కావలసింది పొరలు పొరలుగా మందమెక్కిన పైచర్మం, అందులోనూ రాపిడి ఎక్కువగా ఉండే చోటు. నాలుక, చిగుళ్లు, చన్నులు, గిట్టల సందు, గిట్ట పై అంచు, అన్నీ అలాంటివే. పై అంచులో బొబ్బలు చితికితే గిట్ట అక్కడ చర్మం నుంచి విడిపోతుంది, ఒక్కోసారి తొడుగు మొత్తం ఊడొస్తుంది. తేరుకున్న పశువుకు ఆ విడిపోయిన చోటు గాడిగా నెలనెలా కిందికి జరుగుతూ పోతుంది. నోరు పదిహేను రోజుల్లో మానుతుంది, యజమాని మరిచిపోతాడు. కొన్ని పశువులకు ఇంకో చిక్కు మిగిలిపోతుంది. బొచ్చు పొడవుగా, గరుకుగా పెరుగుతుంది, కాస్త ఎండ తగిలినా రొప్పుతూ నీడకు పోతాయి, పాలు తగ్గుతాయి, నాగలి లాగలేవు. వేసవిలో చౌకగా దొరికిందని బొచ్చు ఎక్కువున్న ఎద్దును కొనేముందు దాని గిట్టలు కూడా చూడాలి. 2019లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ఆరు నెలలకోసారి గాలికుంటు టీకా ఉచితంగా వేస్తున్నారు. సూది వేస్తే పాలు తగ్గుతాయని పశువును దాచిపెట్టే వాళ్లను చూస్తే నాకు ఓపిక ఉండదు. తగ్గినా కొద్ది రోజులే.

కొమ్ముకూ వలయాలుంటాయి. ఆవు ఈనినప్పుడల్లా ఒంట్లోని బలం దూడకూ పాలకూ పోతుంది, కొమ్ము మొదట్లో ఒక నొక్కు పడుతుంది. వలయాలు లెక్కబెట్టి రెండో మూడో కలిపి వయసు చెప్పడం పాత పద్ధతి. బేరగాళ్లకు ఇది తెలుసు కాబట్టే, సంతకు తెచ్చే ముందు కొమ్మును నున్నగా చివ్వుతారు. పైగా కరువు ఏడాది కూడా వలయం వేస్తుంది. నేనైతే పళ్లనే నమ్ముతాను.

చివ్వడం గురించి ఒక మాట చెప్పాలి. కొమ్ము పైన ఉన్నదే కెరాటిన్ తొడుగు. లోపల ఎముక, ఆ ఎముక లోపల బోలు. పెద్ద పశువులో ఆ బోలు నుదుటి గాలిగదుల దాకా, అక్కణ్ణుంచి ముక్కు దాకా కలిసి ఉంటుంది. ఆ బోలు లోపలి పొరలో పుట్టేదే కొమ్ము క్యాన్సర్. మన దేశపు ఎడ్లలో, ముఖ్యంగా ఐదు నుంచి పదేళ్ల వయసువాటిలో, ఎక్కువగా కనిపిస్తుంది. మొదట ఎద్దు తల విదిలిస్తుంది, కొమ్మును గోడకు రుద్దుతుంది, ఆ వైపు ముక్కులోంచే నెత్తుటి చీమిడి కారుతుంది, తర్వాత కొమ్ము వదులై ఒరుగుతుంది. తొందరగా గుర్తిస్తే కొమ్మును మొదలంటా తీసేసి ఎద్దును కాపాడొచ్చు. ఏళ్ల తరబడి కాడి రాపిడి, చివ్వడం, ఘాటు రంగులు ఇందుకు దోహదం చేస్తాయని పశువైద్యులు అనుమానిస్తారు. పోళాకు ఎర్రమన్ను, పసుపు చాలవా? తలుపులకేసే ఆయిల్ పెయింట్ కొమ్ముకు ఎందుకో నాకు అర్థం కాదు.

చంద్రపూర్ వైపు తాడోబా అడవి అంచు ఊళ్లవాళ్లు గోళ్లను ఇంకో పనికి వాడుకుంటారు. పులి నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటుంది, అందుకే దాని అడుగులో గోటి గుర్తు పడదు. అడుగు ముందు గోటి పోట్లు కనబడితే అది కుక్కదో రేచుకుక్కదో అయ్యుండొచ్చు.

వెంట్రుక గిట్టకన్నా తొందరగా మాట్లాడుతుంది. నల్లగా ఉండాల్సిన బొచ్చు తుప్పురంగుకు తిరిగి, కళ్ల చుట్టూ తెల్లగా కళ్లద్దాలు పెట్టినట్టు కనిపిస్తే రాగి లోటు ఉందేమో చూడాలి. రంగు తయారుచేసే ఎంజైముకు రాగి కావాలి. మేతలో ఖనిజ లవణాల పొడి కలిపేది ఇలాంటి వాటికోసమే. సుబాబుల్ ఆకు మేపేవాళ్లకు ఇంకో సంగతి తెలియాలి. అందులో మైమోసిన్ అనే పదార్థం ఉంది, మోతాదు మించితే బొచ్చు రాలుతుంది. ఆస్ట్రేలియాలో ఇదే ఆకు తిన్న పశువులు జబ్బుపడుతుంటే, హవాయి దీవుల్లో మేకలు మాత్రం హాయిగా తిరిగేవి. రేమండ్ జోన్స్ అనే శాస్త్రవేత్త దానికి కారణం మేకల పొట్టలోని బాక్టీరియా అని పట్టుకున్నాడు. దాన్ని ఆస్ట్రేలియా పశువుల పొట్టలోకి ఎక్కించాక అవీ ఆ ఆకును అరిగించుకున్నాయి. ఆ బాక్టీరియాకు ఆయన పేరే పెట్టారు, సినర్జిస్టిస్ జోన్సియై అని. ఏమైనా మేతలో సుబాబుల్ మూడో వంతు దాటకుండా చూసుకోవడం మంచిది.

చర్మం విషయానికొస్తే, ఒంగోలు ఎద్దుకు తెల్ల వెంట్రుక, కింద నల్ల చర్మం. వెంట్రుక ఎండను తిప్పికొడుతుంది, తప్పించుకొచ్చిన కిరణాలను నలుపు ఆపుతుంది. బర్రెకు నల్ల చర్మమే గానీ పైన బొచ్చు పలచన, చెమట గ్రంథులు ఆవుకన్నా చాలా తక్కువ. కాబట్టి మడుగులో పడుకోవడం దానికి సోమరితనం కాదు, వేసవిలో ఒళ్లు చల్లబరుచుకునే దారి. 2022లో మహారాష్ట్రలో ఒళ్లంతా గడ్డలు లేచే లంపీ చర్మవ్యాధి విరుచుకుపడినప్పుడు ఈ చర్మం ఎంత మందమో రైతులందరూ చూశారు. ఆ గడ్డలు పైపైన లేవవు, చర్మం మందమంతా పట్టి, కొన్నిచోట్ల మధ్యభాగం చచ్చి బిరడాలా ఊడి గుంట మిగులుతుంది. ఆ వైరస్ మేక మశూచి వైరస్‌కు దగ్గరి చుట్టం, అందుకే మేక మశూచి టీకానే ఆవులకు వేశారు.

దూడ విరేచనాలతో పారుతున్నప్పుడు కూడా చర్మం ఒక పరీక్షకు పనికొస్తుంది. మెడ మీది చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి ఎత్తి వదలండి. వెంటనే సర్దుకుంటే ఒంట్లో నీళ్లున్నట్టే. మడత రెండు సెకన్లకు మించి అలాగే నిలబడితే, ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్లు పట్టడం మొదలుపెట్టి డాక్టరుకు ఫోన్ చేయండి. కళ్లు లోపలికి పోయి దూడ లేవలేకపోతుంటే నోటిద్వారా పట్టే నీళ్లు చాలవు, సెలైన్ ఎక్కించాల్సిందే.