సమర్తాడక ముందు రెండేళ్లు

మూడో తరగతి పిల్ల సమర్తాడిందని తెలిస్తే భీమవరంలో అయినా అమలాపురంలో అయినా ఇంట్లో ముందు వచ్చే మాట, "ఇంత హఠాత్తుగానా!" అని. హఠాత్తుగా ఏమీ రాదు. రొమ్ము మొగ్గ కనిపించిన రెండు, రెండున్నరేళ్లకు గానీ మామూలుగా నెలసరి మొదలవదు. ఆ రెండేళ్లూ మన కంటికి ఆనలేదంతే.

ఎందుకంటే మన లెక్కంతా మొదటి రక్తంతోనే మొదలు. చాప మీద కూర్చోబెట్టడం, చిమ్మిలి పెట్టడం, ఫంక్షన్, అన్నీ ఆ తర్వాతే. ఒకప్పుడు పెళ్లి లెక్కా అదే: రజస్వల కాకముందే పెళ్లి చేసెయ్యాలన్న పట్టింపు కొన్ని కులాల్లో ఎంత గట్టిదో, పసితనంలోనే వితంతువులైన పిల్లల కోసం వీరేశలింగం గారు 1881లో రాజమండ్రిలో పెళ్లి చేయించడానికి ఎంత పోరాడారో మనకు తెలుసు. శారదా చట్టం 14 ఏళ్లు నిండాలన్నది 1929లో.

డాక్టర్లు మాత్రం రొమ్ము నుంచి లెక్కపెడతారు. 1969లో మార్షల్, టానర్ అనే డాక్టర్లు ఇంగ్లండు ఆడపిల్లల్ని చూసి సగటున 11 ఏళ్లకు రొమ్ము ఎదగడం మొదలవుతుందన్నారు. 1997లో అమెరికాలో 17 వేల మంది పిల్లల్ని చూస్తే తెల్లవాళ్లలో పదేళ్లకే, నల్లవాళ్లలో తొమ్మిది లోపే కనిపించింది. అయినా 8 ఏళ్లలోపు మొదలైతే డాక్టరుకు చూపించాలన్న గీత అలాగే ఉంది.

చూడాల్సింది ఇది: చనుమొన కింద చిన్న గట్టి బిళ్ల, తరచూ ముందు ఒకవైపే, ముట్టుకుంటే నొప్పి. ఏడాదిలో గౌను పొట్టైపోయేంత ఎత్తు. చంకల్లో పెద్దవాళ్ల చెమట వాసన, రోమాలు, తెల్లబట్ట. అందరికన్నా పొడుగ్గా ఉందని మురిసిపోతాం, కానీ ఎముకలు తొందరగా ముదిరి ఎదుగుదల ఆగిపోతే చివరికి పొట్టిగా మిగిలేది ఆ పిల్లే.

బాయిలర్ కోడి వల్లే అంటారు చాలామంది. అనపర్తి, తణుకు చుట్టూ ఇన్ని ఫారాలుండగా ఆ అనుమానం సహజమే, కానీ ఆ కోడి త్వరగా పెరిగేది జాతి వల్ల, మేత వల్ల, హార్మోన్ల వల్ల కాదు. ఒళ్లు ఎక్కువున్న పిల్లల్లో త్వరగా రావడం మాత్రం నిజం. చాలామంది ఆడపిల్లల్లో కారణమే దొరకదు, ఆరేళ్లలోపైతే మెదడు స్కాన్ కూడా చేయిస్తారు.

ఎడమచేతి ఎక్స్‌రే తీస్తే ఎముకల వయసు తెలుస్తుంది. అందరికీ మందు అక్కర్లేదు, కొందరిలో ఆ బిళ్ల దానంతటదే తగ్గుతుంది. కావాల్సినవాళ్లకు ఈ మార్పుల్ని ఆపి ఉంచడానికి నెలకో, మూణ్ణెల్లకో ఒక ఇంజెక్షన్, 1980ల నుంచి వాడుతున్నదే. ఆపేశాక సాధారణంగా ఏడాది, ఏడాదిన్నరలో నెలసరి మొదలవుతుంది.