మెలోడీ స్టేజి మీద నుంచి: పాటల గురించి కొన్ని అపోహలు, వాస్తవాలు

ఒడిశాలో మా రాయగడ వైపు ఆర్కెస్ట్రాని మెలోడీ అంటారు. పద్దెనిమిదేళ్ళుగా రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం స్టేజీల మీద పాడుతున్నాను. ఒక్క రాత్రిలో ఒడియా, తెలుగు, హిందీ మూడూ పాడాలి. ప్రోగ్రాం అయ్యాక టీ తాగుతుంటే, పేరున్న గాయకుల మీద, టీవీ షోల మీద ఎవరికి తోచింది వాళ్ళు అంటుంటారు. అభిమానం కొద్దీ అనే మాటలే, తప్పుపట్టను. కానీ కొన్ని వింటే పాడేవాళ్ళ కష్టం తెలిసినదానిగా ఊరుకోలేను.

"ఇప్పుడు ఆటోట్యూన్ ఉంది కదా, ఎవరైనా పాడేస్తారు." ఎక్కువగా వినేది ఇదే.

గొంతు శ్రుతిని సరిచేసే సాఫ్ట్‌వేర్ ఆటోట్యూన్ 1997లో వచ్చింది. దాన్ని తయారుచేసిన ఆండీ హిల్డెబ్రాండ్ అంతకుముందు చమురు వెతికే పనిలో, భూమి పొరల్లోంచి తిరిగొచ్చే తరంగాలను లెక్కగట్టేవాడు. ఆ లెక్కల అనుభవమే గొంతు శ్రుతిని పట్టడానికి పనికొచ్చింది. మరుసటి ఏడాది అమెరికన్ గాయని షెర్ పాటలో గొంతు మిషన్‌లా వినిపించడంతో అందరికీ దీని సంగతి తెలిసింది. అలా వినిపించాలని కావాలనే పెట్టారు. జాగ్రత్తగా వాడితే అసలు వాడినట్టే తెలియదు.

ఇది చేసేదల్లా పక్కకి జరిగిన స్వరాన్ని దగ్గరి స్వరానికి లాగడం. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో, ఏ పదాన్ని ఎక్కడ ఒత్తాలో, ఏడుపు గొంతులో ఎంత ఉండాలో దానికి తెలియదు. గమకం ఉన్న పాటకి గట్టిగా పెడితే జారుగా రావాల్సిన స్వరం మెట్లు మెట్లుగా తెగిపోతుంది. నా దగ్గర పాట నేర్చుకునే మా పిల్లలకి ఇది ఫోన్‌లోనే చేసి వినిపిస్తాను, ఒక్కసారితో అర్థమవుతుంది.

ఘంటసాల, సుశీల గార్ల రోజుల్లో వాద్యాలన్నీ, గాయకులూ కలిసి ఒకేసారి రికార్డు చేసేవారు. ఒక్క వయొలిన్ తప్పినా మళ్ళీ మొదటి నుంచే. ఇప్పుడు లైను లైనుగా పాడొచ్చు. అంతమాత్రాన ఈ కాలం వాళ్ళది తేలిక పని అనను. పొద్దున పాడిన లైనుకీ సాయంత్రం పాడిన లైనుకీ ఒకే భావం నిలబెట్టడం ఎంత కష్టమో స్టూడియోకి వెళ్ళిన రెండుసార్లూ నాకు తెలిసొచ్చింది.

"స్టేజి మీద అందరూ పెదాలు కదిపేవాళ్ళే" అనే మాట కూడా సగమే నిజం. గొంతుతో సహా పాట మొత్తం రికార్డు వేసి నటించేవాళ్ళు ఉన్నారు. కానీ చాలామంది వాడేది మైనస్ ట్రాక్, అంటే వాద్యాలు మాత్రమే ఉండి గొంతు లేనిది. దాని మీద పాడటం నిజంగా పాడటమే. కీబోర్డు ఆర్టిస్టు అయితే నాతోపాటు ఆగుతాడు, ట్రాక్ ఆగదు. ఊపిరి అందకపోయినా అది వెళ్ళిపోతూనే ఉంటుంది. ఆ టెన్షన్ పాడినవాళ్ళకే తెలుసు.

"ఆ హీరోయిన్ తెలుగు ఎంత ముద్దుగా ఉందో!" సమంత 2010లో తెలుగు తెరకి వచ్చినప్పుడు మనం విన్న గొంతు గాయని చిన్మయిది. చాలా సినిమాలకి ఆమే చెప్పింది. కమల్ హాసన్ డబ్బింగ్ సినిమాల్లో ఎన్నింటికో బాలు గారి గొంతే. ఆస్కార్ పాడినవాళ్ళకి వచ్చిందనుకోవడమూ అంతే. 2023లో 'నాటు నాటు'కి వచ్చిన అవార్డు స్వరపరిచిన కీరవాణిది, రాసిన చంద్రబోస్‌ది. పాడిన రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ ఆ వేదిక మీద పాడారు. ఆ విభాగంలో గాయకులకి అవార్డు ఇవ్వరు.

పూజా కమిటీల వాళ్ళు నన్ను అడిగేది, "పాట పాడినవాళ్ళదే కదా?" అని. 2017లో ఇళయరాజా తన పాటలు అనుమతి లేకుండా పాడుతున్నారని బాలు గారికి లీగల్ నోటీసు పంపినప్పుడు మా దగ్గర ఇద్దరినీ తిట్టినవాళ్ళున్నారు. చట్టం సంగతి వేరు. పాట రాసినవాళ్ళకీ స్వరపరిచినవాళ్ళకీ రాయల్టీలో వాటా హక్కుని కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ గట్టిపరిచింది. పెళ్ళిలో, పెళ్ళి ఊరేగింపులో, మతపరమైన వేడుకలో పాడితే లైసెన్స్ అక్కర్లేదు. టికెట్ పెట్టి చేసే మ్యూజికల్ నైట్‌కి ఆ మినహాయింపు లేదు.

ఇక నా మనసుకి బాగా దగ్గరైనది చెప్తాను. "హిందీవాళ్ళకి తెలుగు పలకడం చేతకాదు, పట్టించుకోరు" అంటారు. ఉదిత్ నారాయణ్ ఉచ్చారణ మీద ఎన్ని జోకులు విన్నామో! నేనూ నవ్వేదాన్నే, మా పిల్లలకి నేర్పడం మొదలుపెట్టేదాకా.

మా పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో ఒడియా చదువుతారు. పాటను ఒడియా లిపిలో రాసుకుంటారు. ఒడియాలో ఎ, ఏ లకు ఒకటే అక్షరం, ఒ, ఓ లకూ ఒకటే. దేవనాగరిలోనూ ఈ తేడా చూపే మామూలు అక్షరాలు లేవు. ఆ కాగితం మీద 'మెడ', 'మేడ' ఒకేలా ఉంటాయి. 'కొన', 'కోన' కూడా అంతే. పైగా ఒడియాలో అకారం ఒకారంలా పలుకుతుంది, 'మనసు' కాస్తా 'మొనొసు' అయిపోతుంది. ఓసారి రిహార్సల్‌లో ఒక పాప "మేడలో హారం" అని పాడింది. ఆపితే, "అక్కా, రాసుకున్నదే చదివాను కదా" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అది చదివింది నిజంగా సరిగ్గానే. తప్పు కాగితంలో ఉంది.

మలయాళం, కన్నడ లిపుల్లో ఎ, ఏ విడివిడిగా ఉన్నాయి. ఏసుదాస్, చిత్ర గార్ల తెలుగు మనకి అంత హాయిగా అనిపించడానికి వాళ్ళ సాధనతో పాటు ఇదీ ఒక కారణమని నా నమ్మకం.

ఆ రోజు నుంచి మా పిల్లల పాటల నోటుబుక్కుల్లో హ్రస్వ ఎ, ఒ ఉన్నచోటల్లా అక్షరం కింద ఎర్ర పెన్నుతో చుక్క పెట్టిస్తున్నాను. 'మెడ'కి చుక్క, 'మేడ'కి లేదు. పక్క ఊళ్ళలో తెలుగు పాట నేర్పేవాళ్ళు ఎవరైనా ఉంటే ఇలా చేసి చూడండి. పిల్లలు వారంలో అలవాటు పడతారు.