తొలి సుదీర్ఘ ఫెల్ రేసు: కొండ సాధనపై అపోహలు – వాస్తవాలు

ఉత్తర ఇంగ్లాండులో చెట్లు లేని ఎత్తైన కొండలను ఫెల్ అంటారు. వాటి మీద జరిగే పరుగు పందేల్లో 20 కిలోమీటర్లు, అంతకు మించినవి సుదీర్ఘ రేసులు. కిలోమీటరుకు సగటున కనీసం 50 మీటర్ల ఎక్కుడు ఉండేవి అన్నిటికన్నా కఠినమైన ‘ఎ’ తరగతికి చెందుతాయి. అక్కడి లేక్ డిస్ట్రిక్ట్ అనే కొండ ప్రాంతంలో ఆగస్టులో జరిగే బోరోడేల్ రేసు ఈ రెండు కోవల్లోకీ వస్తుంది: దూరం సుమారు 27 కిలోమీటర్లు, ఎక్కుడు దాదాపు 2,000 మీటర్లు. ఇలాంటి రేసుకు తొలిసారి సిద్ధమవుతూ నా వద్దకు వచ్చేవారిలో తరచుగా చూసే అపోహలు ఇవి.

అపోహ: ఆగకుండా పరుగెత్తుతూ కొండ ఎక్కగలిగితేనే సిద్ధమైనట్టు.
వాస్తవం: నిటారు వాలులో ముందు వరుసలో ఉన్నవారు కూడా నడుస్తారు. అరచేతులను మోకాళ్లకు పైన తొడలపై ఆనించి, అడుగు పడిన ప్రతిసారీ కిందికి నొక్కుతూ, వేగంగా నడవడం ఒక విద్య. దానిని కూడా సాధన చేయాలి.

అపోహ: ఎక్కడమే కష్టం, దిగుడులో విశ్రాంతి దొరుకుతుంది.
వాస్తవం: బోరోడేల్ రేసు రోస్త్‌వెయిట్ గ్రామంలో మొదలై అక్కడే ముగుస్తుంది కనుక ఎక్కినంతా దిగాలి. దిగేటప్పుడు పాదం నేలను తాకిన ప్రతిసారీ తొడ ముందుభాగపు కండరాలు సాగుతూనే బిగుసుకుని శరీరాన్ని నిలవరిస్తాయి; కండరపు పోగులు ఎక్కువగా దెబ్బతినేది ఈ పనిలోనే. నా తొలి సుదీర్ఘ రేసులో గ్రేట్ గేబుల్ కొండ దిగి హోనిస్టర్ కనుమ చేరేసరికి ఊపిరి బాగానే ఉంది కాని తొడలు వణకసాగాయి. చివరి కొండ డేల్‌హెడ్ నుంచి పాత పలకరాతి గనుల మీదుగా పక్కవాటుగా ఒక్కొక్క అడుగే వేసుకుంటూ దిగుతుంటే, ఎక్కేటప్పుడు నేను దాటి వచ్చినవారందరూ నన్ను దాటిపోయారు. అంతకుముందు నెలల తరబడి ఎక్కడమే సాధన చేశాను. దిగడానికి ఒక్క రోజూ కేటాయించలేదు.

మేలు చేసే విషయం ఏమిటంటే, ఒకసారి గట్టిగా దిగి నొప్పి పడిన కండరం కోలుకున్నాక, అదే పనికి మళ్లీ అంతగా దెబ్బతినదు. ఆ రక్షణ కొన్ని వారాల పాటు నిలుస్తుంది. అందుచేత నేను రేసుకు పది వారాల ముందు నుంచే వారానికొకసారి, మొదట మెత్తని గడ్డి వాలులో, తర్వాత రాళ్ల బాటలో, చిన్న అడుగులతో, వెనక్కి వాలకుండా దిగడం సాధన చేయిస్తాను. చివరి కఠిన దిగుడును రేసుకు రెండు వారాల ముందే ముగిస్తాను.

అపోహ: మెట్లెక్కే అలవాటుంటే చాలు.
వాస్తవం: అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కినవారికి ఇదొక లెక్కా అని ఇక్కడి మన తెలుగువారు కొందరు అడుగుతారు. గుండెకూ పిక్కలకూ అది నిజంగా మంచి సాధనే. అయితే మెట్టు పాదానికి సమంగా అందుతుంది. ఫెల్ మీద గడ్డి దుబ్బులు, నీరూరే నేల, కదిలే రాళ్లు ఉంటాయి గనుక చీలమండ ప్రతి అడుగుకూ కొత్తగా సర్దుకోవాలి. ఆ నేర్పు ఆ నేల మీదే వస్తుంది.

అపోహ: వేసవి రేసుకు సంచి బరువు అనవసరం.
వాస్తవం: ఈ రేసు దారిలో వచ్చే 978 మీటర్ల స్కాఫెల్ పైక్ శిఖరం మీద లోయలో కంటే చలి ఎక్కువ, గాలి ఎక్కువ. వాటర్‌ప్రూఫ్ జాకెట్టు, ప్యాంటు, మ్యాపు, దిక్సూచి, విజిల్, అత్యవసర ఆహారం వెంట ఉండాలి. సాధనలో కూడా వాటిని మోయాలి. మబ్బు కమ్మిన గ్రేట్ గేబుల్ శిఖరం నుంచి తప్పు వైపు దిగితే వాస్‌డేల్ లోయలో తేలుతారు. అక్కడి నుంచి రోస్త్‌వెయిట్ చేరాలంటే మరో కొండ కనుమ ఎక్కాల్సిందే.