కరెంటు స్తంభం మీదికి కేబుల్ తీగ ఎలా చేరింది

విశాఖపట్నంలోని పాత వీధుల్లో కరెంటు స్తంభాలకు విద్యుత్ తీగలతోపాటు టీవీ కేబుళ్లు, ఇంటర్నెట్ ఫైబరు చుట్టలు చుట్టలుగా వేలాడుతుంటాయి. వాటిని తొలగించాలన్న మాట వచ్చిన ప్రతిసారీ చర్చ కేబుల్ ఆపరేటర్ల నిర్లక్ష్యం దగ్గర మొదలై అక్కడే ఆగిపోతుంది. కానీ ఈ తీగలు తొలిసారి వీధి దాటిన రోజుల్లో వాటికి అనుమతి ఇవ్వడానికి ప్రత్యేకమైన చట్టం గానీ, అడగడానికి ఒక కార్యాలయం గానీ లేవన్నది గుర్తుంచుకోవలసిన విషయం.

1983 ఆగస్టు 30న ఇన్సాట్-1బి ఉపగ్రహ ప్రయోగం జరిగిన తరువాత, ఢిల్లీ కార్యక్రమాలను దాని ద్వారా అందుకుని ప్రసారం చేసే తక్కువ శక్తి ట్రాన్స్‌మిటర్లను దూరదర్శన్ 1984 నుంచి దేశమంతటా వేగంగా నెలకొల్పింది. అయితే ఆ ప్రసారం ఇంటికి చేరాలంటే ట్రాన్స్‌మిటరుకూ ఇంటి యాంటెన్నాకూ మధ్య అడ్డు ఉండకూడదు. యారాడ కొండ, సింహాచలం కొండలు, కైలాసగిరి నడుమ ఒదిగిన ఈ నగరంలో కొండ చాటున పడ్డ పేటలకు అది ఎప్పుడూ ఇబ్బందే. ఇదే కాలంలో ఒక వీసీఆర్ (వీడియో క్యాసెట్లు వేసే యంత్రం) నుంచి పక్కపక్క ఇళ్లకు తీగ లాగి సినిమాలు వేసే చిన్న వ్యాపారం దేశంలోని నగరాల్లో మొదలైంది. కేబుల్ టీవీకి అసలు పునాది అదే. ఉపగ్రహ చానళ్లు వచ్చేనాటికి తీగ సిద్ధంగా ఉంది, దానిలో పంపడానికి సరుకే తక్కువగా ఉండేది.

ఆ సరుకు 1991లో దొరికింది. జనవరిలో గల్ఫ్ యుద్ధాన్ని సీఎన్ఎన్ ప్రత్యక్షంగా చూపించడంతో దేశంలోని పెద్ద హోటళ్లు, కొద్దిమంది సంపన్నులు డిష్‌లు తెచ్చుకున్నారు. అదే ఏడాది హాంకాంగ్ నుంచి స్టార్ టీవీ ఆసియాశాట్-1 ద్వారా ప్రసారాలు ప్రారంభించింది. ఆ ఉపగ్రహం 105.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉండగా విశాఖపట్నం దాదాపు 83.3 డిగ్రీల దగ్గర ఉంది కనుక, ఇక్కడి డిష్‌లను ఆగ్నేయానికి, అంటే సముద్రం వైపుకు తిప్పి పెట్టవలసి వచ్చేది. ఆ ఉపగ్రహం వాడిన సీ-బ్యాండు అనే తరంగాల శ్రేణిలోని సంకేతాన్ని పట్టడానికి పెద్ద డిష్ కావాలి. పైగా ఉప్పుగాలికి ఇనుము నిలవదు. ఒక్కో ఇంటికీ ఇంత ఖర్చు ఎవరూ పెట్టుకోలేరు కాబట్టి ఒక మేడ మీద డిష్, కింద గదిలో కంట్రోల్ రూం, అక్కడి నుంచి వీధి వీధికీ తీగ, సంకేతం బలహీనపడే చోటల్లా ఒక యాంప్లిఫయర్ అనే పద్ధతి స్థిరపడింది.

1992 అక్టోబరు 2న జీ టీవీ మొదలయ్యాక గిరాకీ ఒక్కసారిగా మారిపోయింది. నౌకాదళం, ఉక్కు కర్మాగారం, ఓడరేవుల కోసం దేశం నలుమూలల నుంచి వచ్చిన కుటుంబాలున్న ఈ నగరానికి హిందీ చానల్ ఎంత సహజంగా నప్పి ఉంటుందో ఊహించవచ్చు. తెలుగువారికి మాత్రం 1995 దాకా ఎదురుచూపే. ఆ ఏడాది జెమినీ టీవీ వచ్చింది, ఆగస్టు 27న ఈటీవీ ప్రారంభమైంది. అంతవరకు సరదాగా ఉన్న కేబుల్ కనెక్షను అప్పటినుంచి ఇంటి ఖర్చుల పద్దులోకి ఎక్కింది.

ఇక తీగ సంగతి. ప్రహరీ లోపలి కాలనీలో ఇంటి నుంచి ఇంటికి లాగినంత కాలం పేచీ లేదు. ప్రజల రోడ్డును దాటిన క్షణంలో అది 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం పరిధిలోకి వస్తుందా అన్న ప్రశ్న ఎదురైంది. ఈలోగా అందుబాటులో ఉన్న ఆధారం కరెంటు స్తంభం ఒక్కటే. 1994 సెప్టెంబరులో ఆర్డినెన్సుగా వచ్చి 1995లో చట్టమైన కేబుల్ టెలివిజన్ నెట్‌వర్కుల నియంత్రణ చట్టం ఆపరేటర్లను తమ ప్రాంతపు ప్రధాన తపాలా కార్యాలయంలో నమోదు చేసుకోమంది. దూరదర్శన్ చానళ్లను తప్పనిసరిగా చూపించమంది. వాటిని పాత సెట్లకూ అందే ప్రైమ్ బ్యాండులోనే చూపించాలన్నది 2000 నాటి సవరణ. కొద్ది మీటలే ఉన్న పాత సెట్లలో ఈ నిబంధన విలువ అప్పటివారికి బాగా తెలుసు. స్తంభం ఎవరిది, దాని అద్దె ఎంత అన్న విషయం మాత్రం 1995 చట్టానికి ముఖ్యమైనదిగా తోచలేదు. నా దృష్టిలో నేటి తగవుకు మూలం ఆ మౌనమే.

1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు ప్రసారాలను మోసే గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పింది. ఆ ధర్మాసనంలో విడిగా తీర్పు రాసినవారు మన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి. గొప్ప తీర్పే, కానీ అది ఆకాశం గురించి చెప్పినది, వీధిలోని తీగ గురించి కాదు.

తరువాతి మార్పులన్నీ ఆ పాత తీగ మీదనే జరిగాయి. 2004లో ధరల నియంత్రణ టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ చేతికి వెళ్లింది. కేబుల్ ప్రసారాల రెండో దశ డిజిటలీకరణలో 2013 మార్చి 31 గడువుతో విశాఖపట్నం కూడా ఉంది కనుక సెట్‌టాప్ బాక్సులు వచ్చాయి. ఆ మరుసటి ఏడాది అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను స్తంభాలను కూల్చినప్పుడు వాటితోపాటు కేబుళ్లూ నేలకొరిగాయి. ప్రపంచ బ్యాంకు నిధులతో విద్యుత్ తీగలను భూగర్భంలోకి మార్చే పని ఆ తరువాతే చేపట్టారు. మరోవైపు 2017 డిసెంబరులో ప్రారంభమైన ఏపీ ఫైబర్‌నెట్, ప్రభుత్వ సంస్థే అయినా, తన ఫైబరును కరెంటు స్తంభాల మీదుగానే లాగి, ఆ స్థానిక కేబుల్ ఆపరేటర్ల ద్వారానే ఇళ్లకు చేర్చింది. తపాలా కార్యాలయంలో నమోదు చేసుకునే పద్ధతి 2025 జనవరి దాకా కొనసాగింది. ఇప్పుడు ఆపరేటర్లు కేంద్ర సమాచార, ప్రసార శాఖ వద్ద ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోవాలి.