థార్‌లో బట్టమేకకు చోటు కరువైన తీరు

బట్టమేక పక్షి (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) మీద కోర్టులో నడిచిన వాదనంతా దాన్ని చంపుతున్న కరెంటు తీగల చుట్టూనే. తీగలు మాత్రం ఈ కథలో ఆఖర్న వచ్చాయి.

ముందు వచ్చింది నీళ్లు. 1958లో పని మొదలైన రాజస్థాన్ కాలువ జైసల్మేర్ దాకా చేరేసరికి బట్టమేక బతికే సేవణ్ అనే ఎడారి గడ్డి బయళ్లు పొలాలైపోయాయి. పాకిస్తాన్ సరిహద్దు కావడంతో సైన్యం కోసం రోడ్లూ పడ్డాయి. రోడ్డు పక్కన దాబాలు, దాబాల వెనక చెత్త, చెత్త కోసం కుక్కలు, కాకులు. వీటికి అభివృద్ధి బాగానే కలిసొచ్చింది! బట్టమేక సంగతి వేరు. గూడు కట్టదు, వట్టి నేల మీద ఏడాదికి సాధారణంగా ఒకే గుడ్డు పెడుతుంది. అది కుక్క కంట పడితే ఆ ఏడాదికి అంతే.

1969లో 1,260 దాకా ఉంటాయని అంచనా వేసిన ఈ పక్షుల్లో ఇప్పుడు స్వేచ్ఛగా తిరిగేవి 150 దాకానే ఉంటాయని అంచనా. మన కర్నూలు దగ్గరి రోళ్లపాడులో 1988లో వీటి కోసమే అభయారణ్యం పెట్టారు. చుట్టూ సాగునీరు వచ్చి పంటలు మారాయి, అక్కడ బట్టమేక కనిపించడమే గగనమైంది. విచిత్రం ఏమిటంటే, థార్‌లో వీటికి కాస్త నెమ్మదిగా ఉన్న చోట్లలో పోఖ్రాన్ ఫైరింగ్ రేంజ్ ఒకటి. ఫిరంగులు పేలినా జనం రారు కదా.

ఆ తర్వాత గాలిమరలు, సోలార్ పార్కులు, వాటి లైన్లు. బట్టమేక కళ్లు తలకు పక్కల ఉంటాయి, ఎదురుగా ఉన్నది సరిగా ఆనదు. మగదైతే పది కిలోలు దాటే ఒళ్లు, దగ్గరికొచ్చాక తీగ కనిపించినా పక్కకు తిరగలేదు. థార్‌లో నాలుగు వేల చదరపు కిలోమీటర్ల మేర అన్ని జాతులూ కలిపి ఏటా 84 వేల పక్షులు తీగలకు బలవుతున్నాయని భారత వన్యప్రాణి సంస్థ అంచనా. లైన్లను భూమిలో వేయమని 2021లో చెప్పిన సుప్రీంకోర్టు, 2024 మార్చిలో ఆ ఆదేశాన్ని సడలించింది.

నా దృష్టిలో అసలు తిరకాసు రెవెన్యూ రికార్డుల్లో ఉంది. దేవుడి పేరిట ఊళ్లు కాపాడుకుంటూ వచ్చిన ఓరణ్ భూములు చాలావరకు అందులో బంజరే. బంజరును కంపెనీకి ఇవ్వడానికి అడ్డేముంది? వాటిని సర్వే చేసి అడవులుగా నోటిఫై చేయమని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు రాజస్థాన్‌ను ఆదేశించింది. జైసల్మేర్ జిల్లాలోని సమ్, రామ్‌దేవ్‌రా సంరక్షణ కేంద్రాల్లో పొదిగించి పెంచుతున్న బట్టమేక పిల్లలను రేపు వదలాలన్నా ఇలాంటి నేలే కావాలి.