రిఫరెన్సుల్లో మన పేర్లు ఎక్కడ తప్పిపోయాయి

మా పిన్ని కూతురు పీహెచ్‌డీ థీసిస్ సబ్మిట్ చేసేముందు "అన్నయ్యా, రిఫరెన్సులు ఒక్కసారి చూసిపెట్టవా" అని ఫైలు పంపింది. తను వాడుకున్న పుస్తకాలు, వ్యాసాల లిస్టు అది, పద్దెనిమిది పేజీలు. అందులో 'రావు, కె.' అనే పేరు మీదే ఆరు ఎంట్రీలున్నాయి, ఆరుగురూ వేరేవేరే మనుషులు, ఆ ఆరింటి పక్కనా గైడు గారు ఎర్ర పెన్నుతో 'ఎవరు?' అని రాశారు. ఇంకొంచెం కిందికెళ్తే 'కృష్ణమూర్తి, భద్రిరాజు' అని క దగ్గర ఒకటి, 'భద్రిరాజు కృష్ణమూర్తి' అని భ దగ్గర ఇంకోటి, అంటే ఒకే మనిషి ఇద్దరైపోయారన్నమాట. పాపం రెండు నెలలు కూర్చుని టైప్ చేసింది, ఇది తన నిర్లక్ష్యం అని నేననుకోను, ఈ చిక్కు వెనక నూట నలభై ఏళ్ళ కథ ఉంది, అది తెలిస్తే ఎక్కడ జాగ్రత్త పడాలో కూడా తెలుస్తుంది.

ఇప్పుడు మనం వాక్యం చివర బ్రాకెట్లో పేరు, సంవత్సరం రాస్తాం కదా, ఆ పద్ధతి 1881లో హార్వర్డ్‌లో ఎడ్వర్డ్ లారెన్స్ మార్క్ అనే జువాలజీ ఆయన రాసిన పేపర్లో మొదలైందంటారు. ఆ పేపరు దేనిమీదంటే తోటల్లో పాకే గుల్ల లేని నత్త గుడ్డు ఎలా ఎదుగుతుందనేదాని మీద. అప్పటిదాకా ఎవరి మాట ఎక్కణ్ణుంచి తీసుకున్నారో చెప్పాలంటే పేజీ అడుగున చుక్కగుర్తు పెట్టి చిన్న అక్షరాల్లో రాసేవాళ్ళు, మార్క్ మాత్రం మాట పక్కనే పేరు, ఏడాది పెట్టేసి పూర్తి వివరాలన్నీ చివర్లో ఒక లిస్టుగా ఇచ్చాడు. చదివేవాడికి ఎంత సుఖమో చూడండి, చూపు కిందికి పైకి తిప్పక్కర్లేదు, ఏ ఏడాది మాటో అక్కడే తెలిసిపోతుంది. దీన్నే ఇప్పటికీ హార్వర్డ్ స్టైల్ అంటారు.

తర్వాత నియమాల పుస్తకాలొచ్చాయి. షికాగో యూనివర్సిటీ ప్రెస్ తమ మాన్యువల్‌ని 1906లో అచ్చేసింది. అదే యూనివర్సిటీలో 1930 నుంచి 1958 దాకా థీసిస్‌లు చూసే సెక్రటరీగా కేట్ టురేబియన్ అనే ఆవిడ పనిచేసింది, స్టూడెంట్స్ కోసం 1937లో ఒక చిన్న గైడు తయారుచేసింది, అది ఈరోజుకీ వాడుతున్నారు. మన దగ్గర ఎక్కువమందికి తెలిసిన ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) స్టైలు 1929లో పుట్టింది, సైకాలజీ, ఆంత్రోపాలజీ జర్నళ్ళ ఎడిటర్లు కూర్చుని మాట్లాడుకుని ఒక ఏడు పేజీల వ్యాసం వేశారు, అంతే. ఆ ఏడు పేజీలే పెరిగి పెరిగి 2019లో వచ్చిన ఏడో ఎడిషన్‌కి నాలుగొందల పేజీలు దాటాయి.

ఈ పుస్తకాలన్నిట్లోనూ ఒక మాట అడక్కుండానే ఒప్పేసుకున్నారు. మనిషి పేరులో చివర వచ్చేది ఇంటిపేరు, దాన్ని ముందుకి తెచ్చి కామా పెట్టాలి, ఏపీఏలో అయితే మిగతావాటిని పొడి అక్షరాలు కూడా చెయ్యాలి. వాళ్ళ పేర్లకి అది సరిగ్గా సరిపోతుంది. మన పేరు అలా కాదు కదా, ఇంటిపేరు ముందొస్తుంది, తర్వాత సొంతపేరు, దాని తోక రావో రెడ్డో శాస్త్రో మూర్తో. ఇప్పుడు కె. శ్రీనివాస రావు అనే ఆయన్ని ఆ నియమంలో పెట్టి చూడండి, 'రావు, కె. ఎస్.' అయిపోతాడు. ఇంటిపేరు ఒక అక్షరం, అమ్మానాన్న పెట్టిన పేరు ఒక అక్షరం, మొత్తంగా మిగిలేది లక్షలమందికి ఉండే 'రావు'. ఇంటిపేరు ఒకటే అయినవాళ్ళుంటే వాక్యంలో పొడి అక్షరాలు కూడా కలిపి రాయమని ఏపీఏ చెప్తుంది గానీ, ఆ పొడి అక్షరాలు కూడా కలిసిపోతే ఏం చేస్తాం. ఆరు ఎర్ర ప్రశ్నలు అక్కణ్ణుంచే వచ్చాయి.

ఇది ఈనాటి సమస్య కూడా కాదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, మార్క్ పనిచేసిన ఆ హార్వర్డ్‌లోనే 1925లో సైరస్ ఫిస్కే‌తో కలిసి ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి మీద పేపర్ రాశారు, బయోకెమిస్ట్రీలో తెగ వాడిన పద్ధతి అది, దాని పేరే ఫిస్కే-సుబ్బారావ్ పద్ధతి. సుబ్బారావు అనేది ఇంగ్లీషులో ఒకే మాటగా ఉండబట్టి ఆయన సొంతపేరు నిలిచింది, ఆయన పోయాక ఒక ఫంగస్‌కి సుబ్బారోమైసిస్ అని పేరు పెట్టినా అందులో కూడా ఆ పేరే ఉంది. యల్లాప్రగడ మాత్రం 'వై' అనే అక్షరంలోకి వెళ్ళిపోయింది.

కల్యంపూడి రాధాకృష్ణారావు గారి సంగతి ఇంకో రకం. వాల్తేరులో ఆంధ్రా యూనివర్సిటీలో చదువుకున్న మనిషి, 1945లో కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో పాతికేళ్ళ వయసులో అచ్చేసిన ఒక్క పేపర్‌తోనే స్టాటిస్టిక్స్‌లో చిరస్థాయిగా ఉండిపోయారు. క్రామెర్-రావ్, రావ్-బ్లాక్‌వెల్ అనే సిద్ధాంతాలని ప్రపంచమంతా పిల్లలు చదువుకుంటారు, రిఫరెన్సుల్లో 'రావు, సి. ఆర్.' అని ఉంటుంది. కల్యంపూడీ లేదు, రాధాకృష్ణా లేదు. తెలుగులో మనం రాధాకృష్ణారావు అని కలిపే రాస్తాం, ఇంగ్లీషులోకి వెళ్ళినప్పుడు మధ్యలో ఒక స్పేసు పడింది, ఆ స్పేసు దగ్గర పేరు విరిగింది. సుబ్బారావు గారికీ ఈయనకీ తేడా ఆ ఒక్క స్పేసే. ఈ విషయం గమనించిన రోజు నాకు నిజంగా మనసు చివుక్కుమంది.

భద్రిరాజు కృష్ణమూర్తి గారు భాషాశాస్త్రవేత్త కాబట్టి ఆలోచించే చేశారనుకుంటా, ఇంగ్లీషులో 'బిహెచ్. కృష్ణమూర్తి' అని రాసుకున్నారు, బి అని వదిలెయ్యకుండా భ వినపడేలా హెచ్ కూడా ఉంచారు. అందుకే ఇంగ్లీషు పుస్తకాల్లో ఆయన కృష్ణమూర్తి కింద దొరుకుతారు, తెలుగు పుస్తకాల్లో భద్రిరాజు కింద దొరుకుతారు, రెండూ చూసి రాసుకునే పిల్లలకి ఒకే మనిషి రెండుచోట్ల పడతాడు. ఇప్పటి తరం ఇంకోలా చేస్తోంది, సత్య నాదెళ్ల లాగా ఇంటిపేరుని చివరికి పంపేస్తున్నారు, అలా చేస్తే ఏపీఏలో కనీసం ఇంటిపేరు క్షేమంగా ఉంటుంది.

లైబ్రరీల వాళ్ళు మాత్రం దీన్ని ఎప్పుడో పట్టించుకున్నారు. 1961లో పారిస్‌లో కేటలాగింగ్ సూత్రాల మీద పెద్ద అంతర్జాతీయ సమావేశం జరిగింది, పేరులో ఏ మాట కింద ఎంట్రీ వెయ్యాలనేది ఆ రచయిత దేశంలో ఒప్పుకున్న వాడుకని బట్టి, అది కుదరకపోతే అతని భాషలో వాడుకని బట్టి తేల్చుకోమని అక్కడ రాసుకున్నారు. ఎంత మంచి మాటో! కానీ మన వాడుకే రెండు రకాలుగా ఉంది, పైగా ఇప్పుడు లిస్టు తయారుచేసేది సాఫ్ట్‌వేరు, పరిశోధన పేపర్లు వెతికిపెట్టే గూగుల్ స్కాలర్ చాలాసార్లు చివరి మాటనే ఇంటిపేరనుకుని ముందుకెళ్ళిపోతుంది. 2012లో మొదలైన ఆర్కిడ్ నంబరు కొంచెం మేలు చేసింది, పరిశోధకుడికో పదహారు అంకెల నంబరు, పేరు ఎన్ని రకాలుగా అచ్చయినా పేపర్లన్నీ దాని కిందికి చేర్చుకోవచ్చు, అది రాకముందే పోయిన రచయితలకి మాత్రం అది దొరకదు అంతే.

నా అభిప్రాయం చెప్పమంటే, తెలుగులో రాసే థీసిస్‌లో తెలుగు పేరుని తిప్పడానికి కారణమే లేదు. ఇంటిపేరు ఎలాగూ ముందే ఉంది, అకారాది క్రమానికి అదే సరిపోతుంది, కామా అక్కర్లేదు. పొడి అక్షరాలు కూడా వద్దు, పుస్తకం టైటిల్ పేజీ మీద పూర్తిపేరు ఉంటే పూర్తిగా రాయాలి. ఇంగ్లీషు రిఫరెన్సులు ఉంటే వాటిని విడిగా పెట్టి, అక్కడ ఆ రచయిత తన పేరు ఎలా అచ్చు వేయించుకున్నాడో అలాగే ఉంచాలి.

మేం ఆ రాత్రి పదింటి నుంచి కూర్చున్నాం. ఆరు రావుల్లో నలుగురి పూర్తిపేర్లు వాళ్ళ పుస్తకాల టైటిల్ పేజీల్లో దొరికాయి, అయిదో ఆయనది వాళ్ళ కాలేజీ లైబ్రేరియన్ గారు పొద్దున్నే బీరువా తీసి ఫోటో పంపారు. ఆరో ఆయన పేరు ఒక పాత సెమినార్ ప్రొసీడింగ్స్‌లో 'కె. రావు' అనే ఉంది, ఇంకెక్కడా లేదు. దాన్ని అలాగే ఉంచి, పక్కన గైడు గారికి పెన్సిల్‌తో ఒక ముక్క రాసిపెట్టింది మా చెల్లి.